గౌట్ ఉన్న మా నాయన గ్లూకోసమైన్ మాత్రలు వేసుకోవచ్చా?

కొర్లగుంట_అమ్మాయి: మా నాయనకు 66 ఏళ్లు. నాలుగేళ్లుగా గౌట్, అదే యూరిక్ యాసిడ్ పేరుకుని కీళ్లు వాచే జబ్బు. కుడికాలి బొటనవేలు ఎర్రగా వాచిందంటే దుప్పటి అంచు తగిలినా అరుస్తాడు. పోయిన నెల యూరిక్ యాసిడ్ 8.6 వచ్చింది, డాక్టరు దాన్ని తగ్గించే అలోప్యూరినాల్ మాత్ర 100 మి.గ్రా. రాశారు. మోకాళ్లు కూడా అరిగాయి. అలిపిరి మెట్లెక్కి కొండకు పోవాలని ఆయన ఆశ. అది విని అమెరికాలో ఉన్న తమ్ముడు గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ కలిసిన డబ్బా పంపాడు. గౌట్ ఉన్నవాళ్లకు ఇవి పడతాయా?

పాకాల_రైతు: వద్దు తల్లీ. డబ్బా వెనక చదువు. రొయ్యల పెంకు, పీతల పెంకుతో చేస్తారని రాసుంటుంది. గౌట్ ఉన్నోళ్లను రొయ్యలు తినొద్దంటారు కదా, దాని పెంకు మాత్రం ఎట్లా పడుతుంది? కీళ్ల మందు అని నమ్మి మా అన్న కాళ్లు పోగొట్టుకున్నంత పనైంది.

భాకరాపేట_76: మా ఆయన కొలాజిన్ పొడి వాడుతున్నాడు. ఏమీ కాలేదు.

తిలక్‌రోడ్_మందులషాపు: ఇరవై రెండేళ్లుగా మందుల షాపులో ఉన్నాను. రొయ్యలు తగ్గించమనేది వాటి కండలో ఉండే ప్యూరిన్ల వల్ల. అవి ఒంట్లో విరిగి యూరిక్ యాసిడ్ అవుతాయి. పెంకులో ఉండేది కైటిన్. గ్లూకోసమైన్ తీసేది దాన్నుంచే, అది ప్యూరిన్ కాదు. ఆ భయం అక్కర్లేదు. కానీ రొయ్యలు పడక దద్దుర్లు వచ్చేవాళ్లు, రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్లు డాక్టరును అడగకుండా ముట్టుకోకూడదు. డబ్బాలో నియాసిన్ (విటమిన్ బి3) ఎక్కువ మోతాదులో ఉందేమో కూడా చూడండి, అది యూరిక్ యాసిడ్ పెంచుతుంది.

గౌట్ నొప్పి మాత్రం దీంతో తగ్గదు. ఇది మోకాలి అరుగుదలకు వాడేది. దానికి కూడా, అమెరికాలో 1,583 మంది మీద చేసి 2006లో ప్రచురించిన పరిశోధనలో మొత్తం మీద ఉత్తుత్తి మాత్రకంటే పెద్ద తేడా కనిపించలేదు.

పాకాల_రైతు: తేడా లేనిదాన్ని షాపులో ఎందుకు పెట్టుకున్నారు సార్? పెంకు పెంకే. రొయ్యను వలిచేటప్పుడు కండ కొంచెమైనా అంటుకోదా?

తిలక్‌రోడ్_మందులషాపు: ఆ పెంకును యాసిడ్‌తో, క్షారంతో శుద్ధి చేస్తారు. అంటుకున్న కండ మిగలదు. మళ్లీ పెంకు దగ్గరికే రావద్దు.



పాకాల_రైతు: అమ్మేవాళ్లు అమ్మకం కోసమే మాట్లాడతారు. మా అన్న మీలాంటి వాళ్ల మాట వినే చెడిపోయినాడు.

తిలక్‌రోడ్_మందులషాపు: మాట మర్యాదగా రానీయండి. ఆ డబ్బా నా షాపుది కాదు, ఆమె తమ్ముడు పంపింది. ఇంతకూ మీ అన్న వాడింది ఏ మందు? రెండుసార్లు అన్నారు, పేరు చెప్పలేదు.

పాకాల_రైతు: పేరు లేదు. సంతలో ప్లాస్టిక్ సీసాలో గోధుమరంగు పొడి. పొద్దున ఒక చెంచా, రాత్రి ఒక చెంచా. మూడో రోజుకు నొప్పి మాయం. ఇది తింటే ఇంగ్లీషు మాత్ర అక్కర్లేదని ఆ అమ్మేవాడు అన్నాడు. మా అన్న యూరిక్ యాసిడ్ మాత్ర చీటీని పెట్టె అడుగున పడేసినాడు. ఎనిమిది నెలలు. ముఖం గుండ్రంగా ఉబ్బింది, షుగరు పెరిగింది. తర్వాత మోచేతి మీద గడ్డ పగిలి, తడి సున్నంలాగా తెల్లగా కారింది. తుడిచింది నేనే. ఇప్పుడు కిడ్నీలు కూడా దెబ్బతిన్నాయి.

తిలక్‌రోడ్_మందులషాపు: ఈ మాట మొదటే చెప్పుంటే నేను పెంకు గురించి ఇంత వాదించేవాణ్ణి కాదన్నా. మూడు రోజుల్లో నొప్పి మాయమై, ముఖం ఉబ్బి, షుగరు పెరిగిందంటే అందులో స్టెరాయిడ్ కలిపారనే నా అనుమానం. అమెరికాలోనే 2022లో ఆర్ట్రి కింగ్ అనే కీళ్ల మాత్రల్లో లేబుల్ మీద లేని డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్, డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు ఉన్నాయని అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. మీ అన్న మోచేతిలో కారింది యూరేట్ స్ఫటికాలు, అంటే గట్టిపడిన యూరిక్ యాసిడ్. మాత్ర మానేస్తే నొప్పి లేకపోయినా అవి పేరుకుంటూనే ఉంటాయి. యూరిక్ యాసిడ్ 6 కంటే తక్కువలో నిలవాలి.

పాకాల_రైతు: అదే కదా నా బాధ! ఇట్లాంటి డబ్బా చేతికిస్తే మనిషి అసలు మాత్ర ఆపేస్తాడు. డబ్బా ఇచ్చేటప్పుడు “డాక్టరు మాత్ర మానొద్దు” అని మీరు ప్రతి ఒక్కరికీ చెబుతున్నారా?

తిలక్‌రోడ్_మందులషాపు: సాయంత్రం ఏడింటికి జనం మీద పడుతున్నప్పుడు చెప్పడం లేదు. అది నా తప్పే.

కానీ జనం ఊరికే ఆపరు. అలోప్యూరినాల్ మొదలుపెట్టిన కొత్తలో, మొదటి కొన్ని నెలలు, పాత స్ఫటికాలు కదిలి నొప్పి మళ్లీ రావచ్చు. మాత్ర వల్లే నొప్పి వచ్చిందనుకుని పక్కన పెడతారు. అందుకే చాలామందికి డాక్టర్లు ఆ నొప్పి రాకుండా కొన్నాళ్లు కాల్చిసిన్ అనే మాత్ర కూడా ఇస్తారు.

కొర్లగుంట_అమ్మాయి: అన్నా, ఇది చదివి ఇప్పుడే నాయన మందుల డబ్బా తీసి చూశాను. పది మాత్రల అట్టలో నాలుగే వాడాడు. అడిగితే, “అది వేసుకున్న నాలుగు రోజులకే వేలు మళ్లీ వాచింది, తమ్ముడు మంచి మందు పంపిస్తాడుగా” అన్నాడు. ఆపి పద్దెనిమిది రోజులైంది.

తిలక్‌రోడ్_మందులషాపు: మీరుగా మొదలుపెట్టకండి. ఎప్పుడు ఆపాడో చెప్పి, ఎలా మొదలుపెట్టాలో రాసిన డాక్టరునే అడగండి. కిడ్నీ పరీక్ష చేశారో లేదో కూడా కనుక్కోండి. తమ్ముడు పంపిన డబ్బా వెంట తీసుకెళ్లండి.

పాకాల_రైతు: రేపే పోండి తల్లీ. మాత్ర రోజూ మీ చేత్తో ఇవ్వండి. మా అన్నకు నేను ఇవ్వలేదు.