చెప్పును పిల్ల అనుకుంటోంది మా చిన్ని, ఏం చేయాలి?

హనుమకొండ నుంచి (ప్రశ్న):
అందరికీ నమస్తే. మాది నక్కలగుట్ట. మా చిన్నికి ఏడాదిన్నర. బ్రీడ్ కుక్క కాదు, మా గల్లీలో పుట్టిన పిల్లనే తెచ్చి పెంచుకున్నాం. 15 కిలోలు ఉంటుంది. చిత్త కార్తెలో ఎదకు వచ్చింది. ఆ రోజుల్లో మా గేటు ముందు కుక్కల జాతరే. మామయ్య కర్ర పట్టుకొని కాపలా కాశారు.

ఇప్పుడు డిసెంబర్ కదా, నాలుగు రోజులుగా దాని తీరు మారిపోయింది. మా బాబు చెప్పు ఒకటి, ఉన్ని టోపీ ఒకటి ఎత్తుకుపోయి దివాన్ కింద పెట్టుకుంది. వాటిని నాకుతుంది, పొదువుకొని పడుకుంటుంది, సన్నగా మూలుగుతుంది. బియ్యం బస్తా వెనక గోనెపట్టాను గీరి గీరి గూడు చేసింది. అన్నం సగం వదిలేస్తోంది, నిన్న ఒకసారి వాంతి చేసుకుంది. చన్నులు ఉబ్బినట్టుంటే ఒత్తి చూశాను, పాలు వచ్చాయి! బాబు చెప్పు తీసుకోబోతే గుర్రుమంది. వాడి మీద ఎప్పుడూ అలా అనలేదు. అత్తమ్మ అయితే ఇది చూలుతోనే ఉందని తేల్చేసి, బాలింతకు పెట్టినట్టు పాలు, ఎల్లిగడ్డ కారం కలిపిన అన్నం పెడుతున్నారు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

కాజీపేట నుంచి:
భయపడకండి అక్కా. దీన్ని ఫాల్స్ ప్రెగ్నెన్సీ అంటారు, ఉత్తుత్తి చూలు. మా ల్యాబ్రడార్ కుక్కకు రెండుసార్లు వచ్చింది, దానంతటదే తగ్గింది. కానీ మొదటిసారి నేను చేసిన తప్పు మీరు చేయకండి. పాలు గడ్డకడతాయేమోనని రోజూ వేడినీళ్ల కాపడం పెట్టి పిండాను. రెండు వారాల్లో పోవాల్సింది నెల దాటింది.

పరకాల నుంచి:
మా నాయనమ్మ మల్లెపూలు కట్టమంటోంది. వెనకట బాలింతలకు పాలు మానిపించడానికి అలాగే కట్టేవాళ్లట. డిసెంబర్‌లో మల్లెపూలు ఎక్కడివి అంటే, వేపాకు నూరి పూయమంది.

జనగామ నుంచి (పశువైద్యుడు):
అమ్మా, ముందు ఎల్లిగడ్డ ఆపండి. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ రెండూ కుక్క రక్తంలోని ఎర్ర కణాలను దెబ్బతీస్తాయి. పాలు, గుడ్లు అని బలం పెట్టడం కూడా వద్దు. మీరు పెట్టే బలం పాలకే పోతుంది.

తర్వాత ఒక మాట నిజం చెప్పండి. ఎదలో ఉన్నన్ని రోజుల్లో ఒక్కసారి కూడా కంటి ముందు నుంచి పోలేదా?

హనుమకొండ నుంచి:
సార్, ఒకరోజు పొద్దున ముగ్గు వేసేటప్పుడు గేటు తెరిచి ఉంది. ఒక ఐదు, పది నిమిషాలు కనిపించలేదు. ఇంట్లో చెప్పలేదు.

జనగామ నుంచి:
అనుకున్నాను. అయితే ఇది ఉత్తుత్తి చూలు అని ఇక్కడ కూర్చొని నేను చెప్పలేను. కుక్క చూలు దాదాపు 63 రోజులు. మీ లెక్క ప్రకారం ఇప్పటికి 50 రోజులు దాటింది. నిజంగా పిల్లలుంటే వాటి ఎముకలు ఎక్స్‌రేలో కనిపించే సమయం ఇది. 45 రోజులకు ముందైతే స్కానింగే చేయించాలి. మీకు మామునూరు వెటర్నరీ కాలేజీ దగ్గరే, ఫోన్ చేసి కనుక్కొని తీసుకెళ్లండి. అది తేలేదాకా ఏ మందూ వేయొద్దు.

ఇంకో ముఖ్యమైన విషయం. ఎద అయిన నెల, రెండు నెలల్లోనే గర్భసంచిలో చీము పట్టే జబ్బు కూడా వస్తుంది, పయోమెట్రా అంటారు. కుండలు కుండలు నీళ్లు తాగుతున్నా, మాటిమాటికీ మూత్రం పోస్తున్నా, వెనక నుంచి చీము లాంటిది కారుతున్నా, వాంతులు ఆగకపోయినా, కదలకుండా పడి ఉన్నా ఆరోజే ఆసుపత్రికి వెళ్లాలి. అది తెల్లారేదాకా ఆగే జబ్బు కాదు. కొన్నిసార్లు బయటికి ఏమీ కారకుండానే లోపల నిండుతుంది, కాబట్టి నీళ్లు ఎంత తాగుతోందో చూస్తుండండి.

హనుమకొండ నుంచి:
ఎక్స్‌రే తీయించాం సార్. పిల్లలు లేవు! గర్భసంచి కూడా బాగానే ఉందన్నారు. అత్తమ్మ ఇప్పటికీ నమ్మడం లేదు, పాలెట్లా వస్తాయి మరి అంటున్నారు. వాంతికి మెడికల్ షాప్ అబ్బాయి మనుషుల బిళ్ల ఇచ్చాడు, ఇంకా వేయలేదు.

జనగామ నుంచి:
వేయకపోవడమే మంచిదైంది. మెటోక్లోప్రమైడ్ లాంటి వాంతి మందులు ప్రొలాక్టిన్‌ను పెంచుతాయి. పాలు తయారుచేయించే హార్మోన్ అదే. అంటే వాంతికని వేస్తే పాలు ఎక్కువవుతాయి.

అత్తమ్మ గారి ప్రశ్న మంచి ప్రశ్న. ఆడకుక్క కలిసినా కలవకపోయినా, ఎద తర్వాత దాదాపు రెండు నెలలు ఒంట్లో ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ ఉంటుంది, చూలు కట్టినప్పటిలాగే. అది పడిపోయే సమయానికి ప్రొలాక్టిన్ లేస్తుంది. అప్పుడు కొన్ని కుక్కలకు పాలూ వస్తాయి, తల్లి బుద్ధీ వస్తుంది. చిన్నికి పిచ్చి పట్టలేదు, నటించడమూ లేదు.

ఇక పాల సంగతి. బర్రెలు, ఆవులు ఉన్న ఇళ్లలో ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. దూడ పొదుగు కుమ్మితే ఆవు చేపుతుంది. తీసేకొద్దీ పాలు వస్తాయి, తీయకపోతే వట్టిపోతుంది. కుక్కకూ అంతే. మీరు ఒత్తి చూడటం, కాపడం, నూనె మర్దన అన్నీ దూడ చేసే పనే చేస్తాయి. తనే నాక్కున్నా అంతే. అందుకే నోరు అందకుండా మెడకు గరాటు లాంటి కోన్ వేయండి, లేదా బాబు పాత టీషర్టు తొడగండి. వేపాకు పూస్తే దాన్ని పోగొట్టడానికి ఇంకా నాకుతుంది. మల్లెపూల గుడ్డ ఒరుసుకున్నా చేపుతుంది. పరకాల నాయనమ్మ గారు మన్నించాలి.

రోజుకు ఒకసారి చూపుతో చూడండి చాలు. ఏ చన్నైనా ఎర్రగా, వేడిగా, రాయిలా గట్టిపడినా, పాలలో రక్తమో చీమో కనిపించినా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

కరీంనగర్ నుంచి:
ఆ చెప్పు, టోపీ వెంటనే తీసేయాలి. మేం ఒక్కసారే అన్నీ తీసేశాం, రెండో రోజుకు మరిచిపోయింది.

కాజీపేట నుంచి:
మాది అలా చేస్తే రాత్రంతా ఇల్లంతా వెతుకుతూ ఏడ్చింది. గల్లీ మొత్తం లేచింది.

జనగామ నుంచి:
ఇద్దరూ చెప్పింది నిజమే, కుక్కను బట్టి ఉంటుంది. ఎదుటే లాక్కోవడం మాత్రం ఎవరూ చేయొద్దు, కరుస్తుంది. ఒకరు బయట తిప్పడానికి తీసుకెళ్తే, ఇంకొకరు ఒక వస్తువు తీసి దాచాలి. రెండోది రెండు రోజుల తర్వాత. గోనెపట్టా కూడా అలాగే. బాబును పది, పదిహేను రోజులు దివాన్ వైపు పోనివ్వకండి. ఇది నేను గట్టిగా చెబుతున్నాను. నడక పెంచండి, వడ్డేపల్లి చెరువు కట్ట మీద పొద్దున, సాయంత్రం. తిండి కొద్దిగా తగ్గించొచ్చు, నీళ్లు మాత్రం తగ్గించకండి.

రెండు, మూడు వారాల్లో తగ్గాలి. తగ్గకపోతే, లేదా కరిచేదాకా వస్తే, క్యాబర్‌గోలిన్ అనే మందు ఉంది. డాక్టర్ తూకం చూసి వారం దాకా ఇస్తారు. మీ కుక్క బరువుకు రోజుకు దాదాపు 75 మైక్రోగ్రాములు సరిపోతుంది. మనుషులకు వాడే చిన్న బిళ్లలోనే 250 ఉంటాయి. అందుకే అంచనాగా విరిచి వేయొద్దు. నిజంగా చూలుతో ఉన్న కుక్కకు వేస్తే పిల్లలు పోతాయి. ముందు ఎక్స్‌రే అన్నది అందుకే.

పరకాల నుంచి:
సార్, ఒక్క ఈత ఈనిస్తే మళ్లీ రాదంటారు కదా?

జనగామ నుంచి:
రాదని ఏమీ లేదు. ఈనిన కుక్కలకూ వస్తుంది. ఎద రాకుండా వేసే ఇంజెక్షన్లు అడిగేవాళ్లూ ఉన్నారు, నేనైతే ఒప్పుకోను. గర్భసంచిలో చీము, రొమ్ము గడ్డల ముప్పు పెరుగుతుంది. పిల్లలు వద్దనుకుంటే పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషనే దారి.

హనుమకొండ నుంచి:
పన్నెండు రోజులైంది సార్. టీషర్టు వేశాం, కట్ట మీద నడిపిస్తున్నాం. టోపీ తీస్తే ఒక పూట వెతికింది. చెప్పును నిన్నటి నుంచి తనే పట్టించుకోవడం లేదు, వాకిట్లో పడి ఉంది. అన్నం మొత్తం తింటోంది. మందు అవసరం పడలేదు. ఆపరేషన్ ఈ వారమే చేయించమంటారా?

జనగామ నుంచి:
ఇప్పుడే వద్దు. పాలు పూర్తిగా ఆరకముందే చేస్తే ఈ లక్షణాలు అలాగే పట్టుకొని ఉండిపోవచ్చు. ఎద వచ్చి మూడు, నాలుగు నెలలు గడవాలి. అంటే ఫిబ్రవరి మొదట్లో చేయించండి. వదిలేస్తే ఎండాకాలంలో మళ్లీ ఎదకు రావచ్చు. తేదీ క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి.

హనుమకొండ నుంచి:
రాశాను సార్, గ్యాస్ బుక్ చేసిన తేదీ పక్కన. ముగ్గు సంగతి కూడా ఇంట్లో చెప్పేశాను. మామయ్య గేటుకు కొత్త గొళ్లెం పెట్టించారు.