కింద దుకాణం, పైన ఇల్లు: ఒకే అలారం ప్యానెల్‌ను ఎలా ప్రోగ్రాం చేయాలి?

ప్రశ్న

మిత్రులకు నమస్కారం. మా భవనంలో కింద దుకాణం, పైన మేము ఉండే ఇల్లు ఉన్నాయి. రెండింటికీ కలిపి ఎనిమిది జోన్లు (ఒక్కొక్క సెన్సర్‌కు లేదా బటన్‌కు ఒక్కొక్క విడి లైను) ఉన్న అలారం ప్యానెల్ ఒకటే ఉంది. దానిని బిగించిన వ్యక్తి ఇప్పుడు ఈ పని మానేశారు. మాన్యువల్ నా దగ్గర ఉంది. అందులో అచ్చయి ఉన్న ఇన్‌స్టాలర్ (బిగించేవారి) కోడ్‌తోనే ప్రోగ్రామింగ్‌లోకి వెళ్లగలుగుతున్నాను.

జోన్ల వివరం ఇది. 1 దుకాణం షట్టర్, 2 దుకాణంలో కదలికను పట్టే పి.ఐ.ఆర్. సెన్సర్, 3 వెనుక తలుపు, 4 మెట్ల హాలులో పి.ఐ.ఆర్., 5 పై అంతస్తు బాల్కనీ తలుపు, 6 పై హాలులో పి.ఐ.ఆర్., 7 సామాన్ల గది కిటికీ, 8 పానిక్ బటన్. కీప్యాడ్ మెట్ల హాలులో ఉంది. మేము ఎప్పుడూ వెనుక తలుపు గుండానే వచ్చి, హాలు దాటి, కీప్యాడ్ దగ్గర కోడ్ నొక్కి, ఆ తరువాతే దుకాణంలోకి వెళ్లి షట్టర్‌ను లోపలి నుంచి ఎత్తుతాము.

నా ఇబ్బందులు నాలుగు. వెనుక తలుపుకు 30 సెకన్ల ఎంట్రీ డిలే (లోపలికి వచ్చి కోడ్ నొక్కేందుకు గడువు) పెట్టినా, హాలులో అడుగు పెట్టగానే జోన్ 4 సైరన్ మోగించేది. అందుకని జోన్ 4కు కూడా డిలే పెట్టాను. మోత ఆగింది కానీ, అలా చేయడం పొరపాటని ఒక మిత్రుడు అన్నారు. రెండవది, రాత్రి మేము పైన నిద్రిస్తున్నప్పుడు దుకాణం మాత్రం కాపలాలో ఉండాలి. మూడవది, జోన్ 7 కిటికీ మూసి ఉన్నా తెరిచి ఉన్నట్లే చూపుతోంది. ప్యానెల్ పెట్టె తెరిచి చూస్తే రెసిస్టర్లన్నీ ప్యానెల్ టెర్మినళ్ల వద్దే మెలిపెట్టి ఉన్నాయి. నాలుగవది, మధ్యాహ్నం దుకాణం మూసి అలారాన్ని ఆర్మ్ చేసినప్పుడు (కాపలాలో పెట్టినప్పుడు), ఎండ బాగా కాసే రోజుల్లో, లోపల ఎవరూ లేకపోయినా జోన్ 2 అలారం ఇస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలో దయచేసి చెప్పండి.

మొదటి సమాధానం

మీరు ఇంట్లోకి వచ్చే దారిని ఇంత స్పష్టంగా రాయడం వల్ల సగం పని మీరే చేసేశారు. చాలామంది నేరుగా కీప్యాడ్ ముందు నిలబడి మాన్యువల్‌లోని అంకెలు నొక్కడం మొదలుపెడతారు. ఇంట్లో ఎవరు ఏ తలుపు నుంచి వస్తారు, ఎక్కడెక్కడ నడుస్తారు, రాత్రి ఎవరు లేస్తారు అన్నది కాగితం మీద గీసుకున్న తరువాతే జోన్ రకాలను ఎంచుకోవాలి.

మీ మిత్రుడు చెప్పినది నిజమే. జోన్ 4కు సొంతంగా డిలే ఉంటే, కిటికీ ఊచలు తొలగించి లోపలికి వచ్చినవాడు హాలులోకి అడుగు పెట్టినా ప్యానెల్ అతనికి కూడా 30 సెకన్ల గడువు ఇస్తుంది. ఇలాంటి చోటు కోసమే ఫాలోవర్ అనే జోన్ రకం ఉంది. వెనుక తలుపు ముందుగా తెరుచుకుని ఎంట్రీ గడువు నడుస్తూ ఉంటే ఫాలోవర్ జోన్ ఆ గడువు ముగిసేవరకు ఓపిక పడుతుంది. తలుపు తెరుచుకోకుండానే హాలులో కదలిక కనిపిస్తే క్షణం ఆలస్యం లేకుండా అలారం ఇస్తుంది. కనుక జోన్ 3ను ఎంట్రీ-ఎగ్జిట్ రకంగా, జోన్ 4ను ఫాలోవర్‌గా పెట్టండి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. లోపల ఉన్న పి.ఐ.ఆర్.లన్నీ ఒకే జాతి కదా అని 2, 6 జోన్లను కూడా ఫాలోవర్‌గా పెట్టకండి. అలా పెడితే, వెనుక తలుపు పగలగొట్టి వచ్చినవాడు ఆ గడువు మొత్తం మీ దుకాణంలోనూ, పై అంతస్తులోనూ స్వేచ్ఛగా తిరగగలుగుతాడు. తలుపు నుంచి కీప్యాడ్ వరకు ఉన్న దారిలో దుకాణమూ లేదు, పై హాలూ లేదు. కాబట్టి అవి వెంటనే మోగే ఇన్‌స్టెంట్ జోన్లుగానే ఉండాలి. షట్టర్ కూడా అంతే: మీరు కోడ్ నొక్కిన తరువాతే దానిని ఎత్తుతారు గనుక జోన్ 1కు డిలే ఇవ్వవలసిన అవసరమే లేదు.

గడువు ఎంత ఉండాలన్నది ఊహించి పెట్టకండి. ఇంట్లో అందరికన్నా నెమ్మదిగా నడిచేవారు చేతిలో సంచులతో తలుపు తీసి, తాళం చెవి తీసుకుని, కీప్యాడ్ దగ్గరకు వచ్చి కోడ్ నొక్కడానికి ఎన్ని సెకన్లు పడుతుందో గడియారం పెట్టి చూసి, దానికి పది సెకన్లు కలపండి. ఐరోపా ప్రమాణమైన ఈ.ఎన్. 50131 ఎంట్రీ గడువు 45 సెకన్లు మించరాదంటుంది. తప్పుడు అలారాలను తగ్గించడానికి రూపొందించిన అమెరికా ప్రమాణం సి.పి.-01 ప్రకారం అది 30 సెకన్లకు తగ్గకూడదు. బయటకు వెళ్లే గడువు మామూలుగా 60 సెకన్లుగా ఉంటుంది. ఎంట్రీ గడువుకు ఈ 30, 45 సెకన్ల హద్దుల మధ్య మీ ఇంటికి సరిపోయే సంఖ్య తప్పకుండా దొరుకుతుంది.

రాత్రి సంగతికి వస్తే, మీ ప్యానెల్ పార్టిషన్లను (జోన్లను విడివిడిగా ఆర్మ్ చేయగల భాగాలుగా విభజించడాన్ని) అనుమతిస్తుందేమో మాన్యువల్‌లో చూడండి. 1, 2, 7 జోన్లను దుకాణం పార్టిషన్‌లోను, 3, 4, 5, 6 జోన్లను ఇంటి పార్టిషన్‌లోను ఉంచితే, రాత్రి దుకాణాన్ని పూర్తిగానూ, ఇంటిని స్టే పద్ధతిలోనూ ఆర్మ్ చేయవచ్చు. స్టే పద్ధతిలో తలుపులు కాపలాలో ఉంటాయి. లోపలి కదలికను చూసే సెన్సర్లు వాటంతట అవే పక్కకు తప్పుకుంటాయి. అయితే ఈ తప్పుకోవడం ఇంటీరియర్ అనే గుణం ఉన్న జోన్లకే వర్తిస్తుంది గనుక, జోన్ 6కు ఆ గుణం ఇచ్చారో లేదో సరిచూసుకోండి. కొన్ని ప్యానెళ్లలో రాత్రి ఆర్మింగ్‌లో ఎంట్రీ గడువు కూడా రద్దవుతుంది. ఇంట్లో ఎవరైనా ఆలస్యంగా తిరిగి వచ్చే రోజుల్లో ఆ పద్ధతిని వాడకూడదు.

వీలైతే పై అంతస్తులో రెండవ కీప్యాడ్ పెట్టించండి. అర్ధరాత్రి కింద సైరన్ మోగుతుంటే, దానిని ఆపడానికి దొంగ ఉండే అవకాశమున్న హాలులోకే దిగి రావలసిన పరిస్థితి ఉండకూడదు.

రెండవ సమాధానం

నేను వైరింగ్ గురించి మాత్రమే రాస్తాను. రెసిస్టర్లు ప్యానెల్ వద్ద ఉన్నాయని మీరు గమనించడం చాలా మంచిదయింది, ఎందుకంటే ఈ పొరపాటు బయటికి కనిపించదు. ఆ స్థితిలో కూడా అలారం చక్కగానే పనిచేస్తున్నట్లు అనిపిస్తుంది.

ఎండ్ ఆఫ్ లైన్ రెసిస్టర్ అన్న పేరులోనే అది ఎక్కడ ఉండాలో ఉంది: తీగకు అవతలి చివర, సెన్సర్ పెట్టె లోపల. ప్యానెల్ ఆ తీగల జత గుండా చిన్న విద్యుత్తు పంపి, తిరిగి కనిపించే నిరోధాన్ని కొలుస్తూ ఉంటుంది. తలుపు మూసి ఉంటే రెసిస్టర్ విలువ కనిపిస్తుంది, తెరిస్తే వలయం తెగుతుంది. ఎవరైనా దారిలో రెండు తీగలనూ ఒకదానికొకటి కలిపేస్తే నిరోధం సున్నా అవుతుంది గనుక ప్యానెల్ దానిని కూడా పట్టుకుంటుంది. రెసిస్టర్ ప్యానెల్ వద్దే ఉన్నప్పుడు ఈ రక్షణ పోతుంది: తీగలను ఎక్కడ కలిపినా ప్యానెల్‌కు ఆ రెసిస్టరే కనిపిస్తుంది, తలుపు మూసి ఉందనే అనుకుంటుంది, తరువాత తలుపు ఎన్నిసార్లు తెరిచినా తెలియదు. దొంగ దాకా ఎందుకు, గోడలో మేకు దిగి తీగలు కలిసిపోయినా ఇదే జరుగుతుంది.

రెండు రెసిస్టర్ల పద్ధతి ఇంకా మేలైనది. ఒకటి వరుసలో, మరొకటి స్విచ్‌కు అడ్డంగా ఉంటాయి. సమాన విలువ గల రెసిస్టర్లు వాడితే మూసి ఉన్నప్పుడు ఒక రెసిస్టర్ విలువ, తెరిచినప్పుడు దానికి రెట్టింపు, తీగ కోస్తే అనంతం, తీగలు కలిపితే సున్నా కనిపిస్తాయి. ఆ విధంగా ఒకే జత తీగల మీద అలారాన్ని, ట్యాంపర్‌ను (తీగల జోలికి, పెట్టె జోలికి ఎవరైనా వెళ్లడాన్ని) వేరువేరుగా గుర్తించవచ్చు. విలువ మాత్రం ప్యానెల్ తయారీదారు చెప్పినదే వాడాలి. ఒకరి ప్యానెల్‌కు 2.2 కిలో ఓమ్‌లు కావాలి, మరొకరిదానికి 4.7, ఇంకొకరిదానికి 5.6. ప్రోగ్రాంలో ఆ జోన్‌కు ఎంచుకున్న వైరింగ్ రకం, గోడలో నిజంగా ఉన్న వైరింగ్ ఒకటే కావాలన్నది మరచిపోకండి.

జోన్ 7 కోసం ఇలా చేయండి. ముందు ప్రోగ్రామింగ్‌లోకి వెళ్లండి. లేకపోతే పెట్టె మూత తీయగానే ట్యాంపర్ మోగుతుంది, ఎందుకంటే అది డిసార్మ్ చేసి (కాపలా ఆపి) ఉన్నా 24 గంటలూ మేలుకుని ఉండే జోన్. తరువాత మెయిన్స్ కరెంటును బయట స్విచ్ దగ్గరే ఆపి, బ్యాటరీ తీగ తీసేయండి. ఆ జోన్ తీగలు రెండింటినీ టెర్మినల్ నుంచి విడదీసి, కిటికీ మూసి, మల్టీమీటర్‌తో కొలవండి. రెసిస్టర్ ప్రస్తుతం ప్యానెల్ వద్ద ఉంది గనుక మీకు సున్నాకు దగ్గరగా కొన్ని ఓమ్‌లు మాత్రమే కనిపించాలి. అనంతం చూపితే తీగ తెగి ఉండాలి, లేదా కిటికీ మీది అయస్కాంతం, అది దగ్గరున్నప్పుడు మూసుకునే రీడ్ స్విచ్‌కు దూరమై ఉండాలి. వేరే అయస్కాంతాన్ని స్విచ్ దగ్గరకు తెచ్చి చూస్తే ఆ రెండింటిలో ఏదో నిమిషంలో తేలిపోతుంది. చట్రం ఇనుముదైతే అయస్కాంతం బలం అందులోకి పోతుంది గనుక కింద ఇనుము కాని దిమ్మ వేసి బిగించాలి.

పెట్టె ఎలాగూ తెరుస్తున్నారు కాబట్టి బ్యాటరీ మీద తేదీ కూడా చూడండి. ఇలాంటి ప్యానెళ్లలో ఎక్కువగా ఉండే 12 వోల్టుల సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ సాధారణంగా మూడు నుంచి ఐదేళ్లు నిలుస్తుంది.

మూడవ సమాధానం

ఎండవేళ మోగే జోన్ 2 గురించి నాకొక అనుమానం ఉంది: ఆ సెన్సర్ షట్టర్‌కు ఎదురుగా బిగించి ఉందా? పి.ఐ.ఆర్. తనంతట తాను ఏ కిరణాన్నీ పంపదు. తన ముందున్న దృశ్యాన్ని లెన్స్ ద్వారా పట్టీలుగా విడదీసి, ఒక పట్టీ నుంచి మరొక పట్టీకి వేడి మారడాన్ని చూస్తుంది. ఎండకు కాగిన రేకు షట్టర్ గాలికి కదిలినా, సందుల్లోంచి వేడి గాలి లోపలికి వీచినా దానికి మనిషి నడిచినట్లే ఉంటుంది.

సెన్సర్‌ను షట్టర్ ఉన్న గోడకే, ఒక మూలన, లోపలి వైపు చూసేలా బిగించడం ఉత్తమం. తయారీదారు వేరుగా చెప్పకపోతే నేల నుంచి 2.1 - 2.4 మీటర్ల ఎత్తు సరిపోతుంది. ఆ చోటును ఎంచుకునేటప్పుడు, లోపలికి వచ్చినవాడు సెన్సర్‌కు ఎదురుగా కాక అడ్డంగా నడిచేలా చూసుకోండి. పట్టీలను దాటే కదలికనే అది బాగా పట్టుకుంటుంది. చోటు మార్చడం కుదరకపోతే, పి.ఐ.ఆర్.తో పాటు మైక్రోవేవ్ కూడా ఉండి, రెండూ ఒప్పుకుంటేనే అలారం ఇచ్చే డ్యూయల్ సెన్సర్ పెట్టండి. పల్స్ కౌంట్ (అలారం ఇచ్చే ముందు సెన్సర్ లెక్కించే కదలికల సంఖ్య) పెంచి సరిపెట్టుకోమని కొందరు చెబుతారు. నేను ఒప్పుకోను, అప్పుడు నిజమైన మనిషిని గుర్తించడం కూడా ఆలస్యమవుతుంది, షట్టర్ వేడి మాత్రం అలాగే ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. 3, 4 జోన్లను చెప్పినట్లు మార్చాను. మా అమ్మగారికి తలుపు నుంచి కీప్యాడ్ దాకా 26 సెకన్లు పట్టింది, గడువు 36 పెట్టాను. ప్యానెల్ రెండు పార్టిషన్లను అనుమతిస్తోంది. జోన్ 7 అనంతం చూపింది. అయస్కాంతాన్ని దగ్గరకు తేగానే నాలుగు ఓమ్‌లకు వచ్చింది. కిటికీ రెక్క కిందికి వాలడం వల్ల అయస్కాంతం పక్కకు తప్పుకుంది, సరిచేశాను. సెన్సర్ నిజంగానే షట్టర్‌కు ఎదురుగా ఉంది, ఈ వారం మార్పిస్తాను. ఇక మిగిలినవి కోడ్‌లు, సైరన్, పానిక్ బటన్. వాటికి ఏమి చేయాలి?

మొదటి సమాధానం ఇచ్చినవారు

అన్నిటికన్నా ముందు ఇన్‌స్టాలర్ కోడ్ మార్చండి. మాన్యువల్‌లో అచ్చయిన కోడ్ ఆ రకం ప్యానెల్ గురించి తెలిసిన ప్రతి ఒక్కరికీ తెలుసు. మార్చిన కోడ్‌ను కాగితం మీద రాసి, ఆ కాగితాన్ని ప్యానెల్ పెట్టెలో కాక వేరే భద్రమైన చోట దాచండి. కొన్ని ప్యానెళ్లలో లాకౌట్ (ఇన్‌స్టాలర్ కోడ్‌ను రీసెట్ కాకుండా కాపాడే అమరిక) ఉంటే, మరచిపోయిన కోడ్‌ను ఫ్యాక్టరీ రీసెట్ కూడా తొలగించలేదు.

ఇంట్లో వారికీ, దుకాణంలో పనిచేసేవారికీ ఒకే కోడ్ ఇవ్వకండి. ఒక్కొక్కరికి ఒక్కొక్క కోడ్ ఉంటే ఎవరు ఎప్పుడు డిసార్మ్ చేశారో లాగ్‌లో కనిపిస్తుంది. ఒకరు పని మానేసినప్పుడు వారి కోడ్ మాత్రమే తీసేస్తే చాలు. పనివారి కోడ్‌లకు దుకాణం పార్టిషన్ మీద మాత్రమే అధికారం ఉండాలి.

సైరన్ విషయంలో, పైన చెప్పిన ఐరోపా ప్రమాణం ప్రకారం అది కనీసం 90 సెకన్లు, గరిష్ఠంగా 15 నిమిషాలు మోగవచ్చు. ఒకే జోన్ పదే పదే మోగితే, కొన్నిసార్ల తరువాత తిరిగి ఆర్మ్ చేసేవరకు దానిని పక్కన పెట్టే స్వింగర్ షట్‌డౌన్ సౌకర్యం మీ ప్యానెల్‌లో ఉంటే రెండుకు పెట్టండి.

పానిక్ బటన్‌ను 24 గంటల జోన్‌గా ఉంచాలి. అది శబ్దం చేయాలా, నిశ్శబ్దంగా ఉండాలా అన్నది మీ ప్యానెల్ ఎవరికైనా సందేశం పంపుతుందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. సందేశం అందుకునేవారు లేనప్పుడు నిశ్శబ్ద అలారం వల్ల ఏ ప్రయోజనమూ ఉండదు. పర్యవేక్షణ కేంద్రానికి కాంటాక్ట్ ఐడీ అనే అంకెల సంకేతాల పద్ధతిలో సందేశాలు పంపుతుంటే చొరబాటు 130గా, పానిక్ 120గా, మెయిన్స్ పోవడం 301గా, బ్యాటరీ బలహీనత 302గా వెళతాయి. మీరు పెట్టిన జోన్ రకాన్ని బట్టే ఏ సంకేతం వెళ్లాలో ప్యానెల్ నిర్ణయిస్తుంది. కాబట్టి కేంద్రానికి ముందుగా ఫోన్ చేసి చెప్పి, ఒక్కొక్క జోన్‌ను నిజంగా మోగించి, వారి దగ్గర ఏ జోన్ ఏ పేరుతో కనిపించిందో అడిగి రాసుకోండి. దుకాణంలో సెన్సర్ చోటు మార్చిన రోజున జోన్ 2కు, సెన్సర్ ముందు నడిచి చూసే వాక్ టెస్ట్‌తో పాటు ఈ పరీక్ష కూడా మళ్లీ చేయండి.