మంచుసీమ రాక్షస చిత్రాలు: జీవి కనిపించగానే భయం ఎందుకు సడలిపోతుంది?

ప్రశ్న అడిగినవారు: తెల్లతెర

అందరికీ నమస్కారం. మంచు కప్పిన నిర్జన ప్రాంతాల్లో, చిన్న బడ్జెట్‌తో తీసిన రాక్షస చిత్రాలను నేను ఏళ్ల తరబడి ఇష్టంగా చూస్తున్నాను. వాటి గురించి ఒక సందేహం నన్ను వదలడం లేదు. ఈమధ్య 1959 నాటి ‘బీస్ట్ ఫ్రమ్ హాంటెడ్ కేవ్’ మళ్లీ చూశాను. మాంటీ హెల్‌మన్‌కు దర్శకుడిగా అదే తొలి చిత్రం. బంగారం దోచుకోవడానికి వచ్చిన ఒక ముఠా, జనం దృష్టి మళ్లించడానికి గనిలో పేలుడు జరిపి, ఆ తర్వాత ఒక గైడు వెంట స్కీల మీద మంచుకొండలు దాటి మారుమూల కేబిన్‌కు బయలుదేరుతుంది. పేలుడుతో కదిలిన సాలెపురుగు లాంటి జీవి వాళ్ల వెంట పడుతుంది. దక్షిణ డకోటాలోని డెడ్‌వుడ్ పరిసరాల్లో, నిజమైన శీతకాలంలో, నిజమైన మంచులో షూటింగ్ చేశారు. ఆ జీవిని తయారుచేసిన క్రిస్ రాబిన్సన్ స్వయంగా ఆ వేషం వేసుకుని నటించారు.

ఆ ముఠా మంచులో ప్రయాణం చేస్తున్నంతసేపూ, జీవి సరిగా కనిపించకపోయినా, నేను ఊపిరి బిగబట్టి చూశాను. చివర్లో గుహలో దాన్ని దగ్గరగా చూపించేసరికి ఆ బిగువు సడలిపోయింది. వేషం నాసిరకంగా ఉండడమే కారణమని మొదట సరిపెట్టుకున్నాను. కానీ అంతకన్నా నాసిరకం వేషాలున్న చిత్రాలు కూడా నన్ను చివరిదాకా భయపెట్టిన సందర్భాలున్నాయి కాబట్టి ఆ జవాబు నిలవదు.

ఇది ఊరికే అడుగుతున్న ప్రశ్న కూడా కాదు. పన్నెండు నిమిషాల లఘుచిత్రం ఒకటి రాస్తున్నాను. మంచు మైదానం, పాడుబడిన పరిశోధన కేంద్రం, ముగ్గురు మనుషులు, ఒకే ఒక్క రాక్షస వేషం. ఉన్న డబ్బు అంతకుమించి సరిపోదు. జీవిని ఎంతవరకు చూపించాలి, ఎప్పుడు చూపించాలి అన్నది తేల్చుకోలేక ఆగిపోయాను. అనుభవం ఉన్నవారు చెబితే కృతజ్ఞుడినై ఉంటాను.


సమాధానం: పాతరీలు

తెల్లతెర గారూ, మీ ప్రశ్నలోనే జవాబు సగం ఉందనిపిస్తోంది. మీకు భయం సడలింది జీవి కనిపించడం వల్ల అని మీరు అంటున్నారు. అదే క్షణంలో ఇంకొకటి కూడా జరిగింది: కథ మంచును వదిలి గుహలోకి వెళ్లింది. అప్పటిదాకా ఆ మనుషులకు వెనక్కి వెళ్లే దారి లేకుండా చేసింది మంచు, వాళ్లను ఒకే గైడు మీద ఆధారపడేలా చేసింది మంచు, ఇష్టం లేని మనుషులతో ఒకే కప్పు కింద రాత్రులు గడపమన్నది కూడా మంచే. గుహలోకి అడుగుపెట్టాక ఈ ఒత్తిళ్లలో ఏదీ పనిచేయదు. ఇక మిగిలింది వేషం ఒక్కటే. అంత బరువు ఏ వేషమూ మోయలేదు.

ఆ చిత్రం తయారైన తీరు కూడా తెలుసుకోదగినది. జీన్ కోర్మన్ నిర్మాణంలో ఆ యూనిట్ డెడ్‌వుడ్‌కు వెళ్లింది. అదే ప్రయాణంలో, దాదాపు అదే నటీనటులతో, రోజర్ కోర్మన్ ‘స్కీ ట్రూప్ అటాక్’ అనే యుద్ధచిత్రం తీశారు. ఒక్క ప్రయాణ ఖర్చుతో రెండు చిత్రాలు పూర్తయ్యాయి. చిన్న నిర్మాతలకు మంచుప్రదేశం ఎందుకు నచ్చుతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. అక్కడ జనసమూహం అక్కర్లేదు, వీధుల సెట్లు అక్కర్లేదు, ఎటు కెమెరా తిప్పినా ఏ సెట్టూ ఇవ్వలేని విశాలత్వం ఉచితంగా దొరుకుతుంది.

నేను మీకు తప్పక చూడమని చెప్పేది 1951 నాటి ‘ది థింగ్ ఫ్రమ్ అనదర్ వరల్డ్’. హోవర్డ్ హాక్స్ నిర్మించారు, దర్శకుడిగా క్రిస్టియన్ నైబీ పేరు ఉంటుంది. అది మరీ చిన్న చిత్రమేమీ కాదు గానీ అందులో డబ్బు ఖర్చు పెట్టకుండా సాధించిన ఒక దృశ్యం ఉంది. మంచు కింద ఏదో పెద్ద ఆకారం నీడలా కనబడుతుంది. దాని అంచు ఎక్కడుందో తెలుసుకోవడానికి మనుషులంతా ఆ అంచు వెంబడే నిలబడి చేతులు చాపుతారు. చాపిన చేతులు కలిసేసరికి అవి గీసినది ఒక వృత్తమని, అడుగున ఉన్నది ఒక పళ్లెం లాంటి గ్రహాంతర వాహనమని మనకు తెలిసిపోతుంది. అక్కడ మొత్తం వాహనాన్ని తయారుచేయాల్సిన పనే పడలేదు. ఎన్నిసార్లు చూసినా ఆ దృశ్యం నన్ను ఆశ్చర్యపరుస్తూనే ఉంటుంది.

అదే చిత్రంలో ఆ వాహనంలో వచ్చిన జీవి, మనుషులున్న స్థావరానికి వేడినిచ్చే నూనె సరఫరాను ఆపేస్తుంది. అప్పటి నుంచి గదులు చల్లబడుతుంటాయి. జీవి ఇంకా తలుపు బయటే ఉంది, కానీ దాని దాడి అప్పటికే లోపల మొదలైంది. ఊపిరి ఆవిరిగా కనిపించాలంటే గాలి నిజంగానే చల్లగా ఉండాలి కాబట్టి, కొన్ని దృశ్యాలను లాస్ ఏంజిలిస్‌లోని ఒక మంచు గిడ్డంగిలో తీశారు. నటుల నోటి నుంచి ఆవిరి వస్తున్నప్పుడు ప్రేక్షకుడికి చలి గురించి వేరే ఏమీ చెప్పనక్కరలేదు.

కాబట్టి జీవిని ఎంత చూపించాలి అని కాకుండా, జీవి వచ్చేసరికి చలి ఇంకా ఏం పని చేస్తోంది అని మీ స్క్రీన్‌ప్లేని ప్రశ్నించుకోండి. మీ కథను ఒక వేసవి అడవికి తరలించినా ఒక్క సంభాషణ కూడా మార్చనవసరం రాకపోతే, మీరు మంచును అలంకారంగా మాత్రమే వాడుకున్నట్లు.


సమాధానం: గడియారంముల్లు

పాతరీలు గారు చెప్పినదానిలో చాలా భాగంతో ఏకీభవిస్తాను గానీ, ఒక ప్రమాదం గురించి చెప్పాలి. ‘దాచిపెడితేనే భయం’ అన్న మాటను ఈ తరహా చిత్రాలవారు ఒక సాకుగా వాడుకోవడం ఎక్కువైంది. చివరిదాకా తుపానును, పరుగెత్తే కెమెరాను, అరుపులను చూపించి ముగించిన చిత్రాలు నన్ను మోసం చేసినట్లే భావిస్తాను. రాక్షస చిత్రమని పిలిచి కూర్చోబెట్టినవారు రాక్షసుణ్ణి చూపించవలసిందే.

బ్రిటన్‌కు చెందిన హ్యామర్ చిత్రనిర్మాణ సంస్థ 1957లో తీసిన ‘ది అబామినబుల్ స్నోమన్’ను ఉదాహరణగా తీసుకోండి. వాల్ గెస్ట్ దర్శకుడు, నైజెల్ నీల్ రచయిత, పీటర్ కుషింగ్ ప్రధాన నటుడు. హిమాలయాలుగా కనిపించే మంచుకొండల దృశ్యాలను ఫ్రాన్స్‌లోని పిరనీస్ పర్వతాల్లో తీసి, మిగిలినదంతా స్టూడియోలో పూర్తిచేశారు. హిమాలయాల మంచుమనిషి అయిన యెతిని చాలాసేపు చూపించరు. గుడారం అంచు కింది నుంచి లోపలికి చొరబడే ఒక చెయ్యి మాత్రం కనిపిస్తుంది. అయితే ఆ చిత్రం అక్కడితో ఆగిపోదు. చివరకు ఆ ముఖాన్ని, ముఖ్యంగా ఆ కళ్లను, చీకటిలో కాసేపు చూడనిస్తుంది. ఆ కళ్లలో కనిపించే వివేకం వల్ల అంతవరకు మనం దేనికి భయపడ్డామో దాని అర్థమే మారిపోతుంది. చూపించడం అంటే అది. దాచినంతసేపూ పెంచిన ప్రశ్నకు కనిపించిన రూపం ఒక జవాబు ఇవ్వాలి. మీరు చూసిన గుహ దృశ్యంలో జీవి కనిపించింది కానీ, దానివల్ల కొత్తగా మనకు తెలిసినది దాదాపు ఏమీ లేదు. మీ భయం సడలడానికి నాకు తోచిన కారణం అదే.

ఇంకొక సంగతి. వేషం చేతితో చేసినదైతే చాలు, దానంతటదే మంచి చిత్రమవుతుందని అభిమానుల్లో ఒక నమ్మకం ఉంది. 1982 నాటి ‘ది థింగ్’కు పూర్వకథగా 2011లో అదే పేరుతో వచ్చిన చిత్రానికి అమాల్గమేటెడ్ డైనమిక్స్ సంస్థ చేసిన బొమ్మలను చాలావరకు కంప్యూటర్ గ్రాఫిక్స్‌తో కప్పేశారు. ఆ సంస్థకు చెందిన అలెక్ గిల్లిస్ ఆ తర్వాత అభిమానుల నుంచి కిక్‌స్టార్టర్ అనే నిధుల సేకరణ వెబ్‌సైట్ ద్వారా మూడున్నర లక్షల డాలర్లకు పైగా సేకరించి, చేతిపని బొమ్మలతోనే ‘హార్బింజర్ డౌన్’ తీశారు. బేరింగ్ సముద్రంలో పీతలు పట్టే పడవ మీద జరిగే కథ అది. ఆ పట్టుదల పట్ల నాకు ఎంతో గౌరవం ఉంది. బొమ్మలు కూడా శ్రద్ధగా చేసినవే. అయినా చూస్తున్నప్పుడు నాకు చలి వేయలేదు, ఆ మనుషుల కోసం ఆందోళన కలగలేదు. ఈ ఒక్క విషయంలో పాతరీలు గారి వాదనే గెలుస్తుందని ఒప్పుకుంటాను.


తెల్లతెర (ప్రశ్న అడిగినవారు)

ఇద్దరికీ ధన్యవాదాలు. వేసవి అడవి పరీక్ష నా స్క్రీన్‌ప్లేకి పెట్టి చూశాను. రెండు దృశ్యాలు తప్ప మిగిలినవన్నీ అడవిలో కూడా అలాగే జరుగుతాయి. ఇది తెలిసి బాధ కలిగింది, కానీ తెలియడమే మంచిది. జీవి మొదటిసారి కనిపించే చోటును కూడా మారుస్తున్నాను: కిటికీ అవతల నిలబడి లోపలికి చూస్తుంది, లోపలివారి ఊపిరి అద్దం మీద మంచు పొరగా పేరుకుని ఉండడం వల్ల ఒకరు చేత్తో తుడిస్తే తప్ప అది కనబడదు. తుడవడానికి ముగ్గురిలో ఎవరు ముందుకు వస్తారన్నదే ఇప్పుడు ఆ దృశ్యం. అసలైన మంచులో ఎప్పుడూ పనిచేయలేదు కాబట్టి, షూటింగ్ గురించి కూడా ఎవరైనా చెబితే మేలు.


సమాధానం: ధ్వనిరేఖ

నేను శబ్ద విభాగంలో పనిచేస్తాను కాబట్టి దాని గురించే చెబుతాను. కొత్తగా పడిన మంచులో అధికభాగం గాలే ఉంటుంది. ఆ సూక్ష్మరంధ్రాలు శబ్దాన్ని, ముఖ్యంగా పైస్థాయి శబ్దాలను, పీల్చుకుంటాయి. అందుకే మంచు కురిసిన తర్వాత బయట ఒక వింత నిశ్శబ్దం ఉంటుంది. మనిషి గొంతు దూరం పోకుండానే చచ్చిపోయినట్లు వినిపిస్తుంది. చాలా చిన్న చిత్రాలు ఈ వరాన్ని పారేసుకుని, మొదటి నుంచి చివరిదాకా ఈదురుగాలి శబ్దం నింపేస్తాయి. గాలి ఆగిపోయే ఒక్క నిమిషం మీ చిత్రంలో ఉంచండి. ఆ నిమిషంలో బయట అడుగుల చప్పుడు రావాలి.

అడుగుల చప్పుడుకు కూడా ఒక లెక్క ఉంది. సుమారు మైనస్ 10 డిగ్రీల కంటే దిగువన మంచు కాలికింద కిర్రుమంటుంది, సున్నాకు దగ్గరలో మెత్తగా నలుగుతుంది. కాబట్టి చలి పెరుగుతోందని అడుగుల చప్పుడు ద్వారానే చెప్పవచ్చు. షూటింగ్‌లో పట్టిన అడుగుల శబ్దం పనికిరాకపోతే, మొక్కజొన్న గంజిపిండిని (కార్న్‌స్టార్చ్) తోలుసంచిలో వేసి నొక్కితే దాదాపు అదే శబ్దం వస్తుంది. సినిమాకు కావలసిన చప్పుళ్లను విడిగా సృష్టించే ఫోలీ కళాకారులు చాలాకాలంగా వాడుతున్న పద్ధతే ఇది.

కృత్రిమ మంచు వాడదలిస్తే దాని చప్పుడును ముందే పరీక్షించండి. పూర్వం హాలీవుడ్‌లో రంగు వేసిన కార్న్‌ఫ్లేక్స్‌ను మంచుగా చల్లేవారు. వాటిమీద నడిస్తే కరకరలాడడం వల్ల సంభాషణలను తర్వాత డబ్బింగ్ చేయవలసి వచ్చేది. 1946 నాటి ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’ కోసం మంటలార్పే నురగతో నిశ్శబ్దంగా ఉండే మంచును రూపొందించడం వెనుక ఉన్న కారణం ఇదే. ఆ రోజుల్లో ఆస్బెస్టాస్ పీచును కూడా మంచుగా చల్లారు. అది ఊపిరితిత్తులను నాశనం చేస్తుంది. పాత సామాను ఎవరైనా ఉచితంగా ఇస్తామన్నా, అందులో ఏముందో తెలియనిదే నటుల మీద చల్లకండి.


సమాధానం: హిమఛాయ

మంచులో కెమెరా పట్టిన అనుభవంతో రాస్తున్నాను. మీరు డబ్బు గురించి ఆందోళన పడుతున్నారు గానీ, అక్కడ మీకు ముందుగా అయిపోయేది వెలుతురు. ఉత్తరానికి వెళ్లేకొద్దీ శీతకాలపు పగలు కుంచించుకుపోతుంది. ఆర్కిటిక్ వలయానికి బాగా ఆవల డిసెంబరు చివరి వారాల్లో సూర్యుడు ఉదయించనే ఉదయించడు. అయితే ఆ ప్రాంతాల్లో సంజవెలుగు చాలాసేపు నిలుస్తుంది. ఆ నీలిరంగు వెలుతురులో ఒక సాదాసీదా వేషం కూడా నీడలా మారి బలం పుంజుకుంటుంది. మీ జీవి బయట కనిపించే షాట్లన్నీ ఆ సమయానికే ఉంచండి.

ఎండలో మెరిసే మంచును కెమెరా మీటరు మధ్యస్థమైన బూడిదరంగుగా లెక్కకట్టి, అవసరమైన దానికంటే తక్కువ వెలుతురు తీసుకుంటుంది. ఒకటి నుంచి రెండు స్టాపుల దాకా (ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపవుతుంది) ఎక్స్‌పోజర్ పెంచకపోతే మంచు మురికిగా, ముఖాలు నల్లగా వస్తాయి. బ్యాటరీలు చలికి త్వరగా నీరసిస్తాయి కాబట్టి వాటిని కోటు లోపల, ఒంటికి ఆనించి ఉంచుకుని వంతులవారీగా మార్చాలి. అన్నిటికంటే ముఖ్యం, చల్లటి కెమెరాను నేరుగా వెచ్చటి గదిలోకి తీసుకురాకూడదు. గాలిలోని తేమ లెన్సు మీదా లోపలా నీటిచుక్కలుగా దిగుతుంది. బయట ఉండగానే గాలి చొరని సంచిలో పెట్టి మూసి, లోపలికి తెచ్చాక అది గది వేడికి వచ్చేదాకా తెరవకండి. మొదటి రోజు ఈ జాగ్రత్త తీసుకోక మేము ఒక పూటంతా పోగొట్టుకున్నాం.

మీ పరిశోధన కేంద్రం విషయంలో 1982 నాటి ‘ది థింగ్’ యూనిట్ చేసిన పని మీకు పనికివస్తుంది. వాళ్ల బడ్జెట్ పెద్దదే, కానీ ఆలోచన పొదుపైనది. బ్రిటిష్ కొలంబియాలోని స్టీవర్ట్ దగ్గర మంచు పడకముందే సెట్ కట్టి, శీతకాలం దాన్ని కప్పేదాకా వదిలేశారు. కథ చివర అమెరికన్ స్థావరాన్ని పేల్చేశాక, ఆ కాలిన శిథిలాలనే కథ మొదట్లో కనిపించే నార్వే స్థావరంగా చూపించారు. మీ దగ్గరా ఒకే ఒక కట్టడం ఉంటుంది కాబట్టి, ధ్వంసమయ్యాక దానితో ఇంకేం తీయవచ్చో ముందే రాసుకోండి.

చివరగా అడుగుజాడల సంగతి. ముట్టుకోని మంచు మీద మనిషి ఒక్కసారే నడవగలడు. రీటేక్ అంటే కొత్త చోటు వెతుక్కోవడమే. అందుకే స్క్రీన్‌ప్లే వరుసను పక్కనపెట్టి, మంచు చెక్కుచెదరకుండా కనిపించాల్సిన దూరపు షాట్లన్నీ మొదటి ఉదయమే తీసేయండి. యూనిట్ సభ్యులు నడవడానికి కెమెరా వెనుక ఒకే దారి గుర్తుపెట్టి, ఎవరూ దాన్ని దాటకుండా ఒకరిని కాపలా ఉంచండి. కిటికీ దృశ్యంలో జీవి వచ్చినట్టు అడుగుజాడలు కనబడాలనుకుంటే, వేషం వేసుకున్న వ్యక్తిని మీకు కావలసిన చోటి నుంచి కిటికీ దాకా ఒక్కసారి నడిపించి, ఆ జాడలనే మిగిలిన అన్ని షాట్లకూ వాడుకోండి. ఆ రాత్రి మంచు కురిస్తే మర్నాడు అవేవీ మిగలవు కాబట్టి, కిటికీ లోపలి షాట్లు కూడా అదే రోజు పూర్తిచేయండి.