ఎన్సెలాడస్‌లో ఎండే చొరబడదు కదా, జీవం ఏం తిని బతుకుతుంది?

ప్రశ్న – చుక్కల పిచ్చోడు:
శని ఉపగ్రహం ఎన్సెలాడస్‌లో మంచు కింద సముద్రం ఉందని, జీవం ఉండొచ్చని ప్రతి వీడియోలోనూ చెబుతున్నారు. నీళ్లున్నాయి సరే. శని దగ్గర ఎండ మనకు పడేదాంట్లో దాదాపు 90వ వంతు. అదీ కిలోమీటర్ల మందం మంచు దాటి లోపలికి పోదు. మరి శక్తి ఎక్కణ్నుంచి వస్తుంది?

జవాబు – మైక్రో మేడమ్:
అడగాల్సిందే అడిగారు. నేను మైక్రోబయాలజీ చెబుతాను. "నీళ్లుంటే జీవం" అని మా పిల్లలూ పేపర్లో రాసేస్తారు, తిండి సంగతి ఎవరికీ పట్టదు.

గోబర్ గ్యాస్ ప్లాంటులో కొన్ని సూక్ష్మజీవులు హైడ్రోజన్‌ని, కార్బన్ డయాక్సైడ్‌ని కలిపి మీథేన్ చేస్తాయి. ఆ చర్యలో వచ్చే కాస్త శక్తే వాటికి ఆధారం. కానీ పేడ వచ్చేది గడ్డి నుంచే, గడ్డి పెరిగేది ఎండతోనే. ఎండతో సంబంధం లేని ఉదాహరణ కావాలంటే దక్షిణాఫ్రికా ఎంపొనెంగ్ బంగారు గని చూడండి. 2.8 కిలోమీటర్ల లోతు నీళ్లలో ఒక బ్యాక్టీరియా దొరికింది. రాతిలోని యురేనియం రేడియేషన్ నీటిని విడగొడితే పుట్టే హైడ్రోజన్, దాంతోపాటు సల్ఫేటు, ఇవే దాని బతుకుతెరువు.

ఇక ఎన్సెలాడస్. 2015 అక్టోబరులో కాసిని అనే అంతరిక్ష నౌక దాని దక్షిణ ధ్రువం నుంచి ఎగజిమ్మే ఆవిరిలోంచి, 49 కిలోమీటర్ల ఎత్తున దూసుకెళ్లింది. ఆ ఆవిరిలో హైడ్రోజన్ 0.4 నుంచి 1.4 శాతం ఉందని 2017లో ప్రకటించారు. సముద్రం అడుగున వేడినీళ్లు రాళ్లతో చర్య జరపడం వల్లే వస్తోందని అంచనా. వేడి ఎక్కడిదంటారా, శని ఆకర్షణకు ఆ ఉపగ్రహం సాగుతూ నలుగుతూ ఉంటుంది, ఆ రాపిడిదే.

జవాబు – విశాఖ వేణు:
మేడమ్, పెళ్లిలో అందరూ లేచాక కూడా గుండిగ నిండా అన్నం ఉందంటే, తినేవాళ్లు రాలేదనేగా? అంత హైడ్రోజన్ మిగిలిందంటే అక్కడ ఎవరూ లేరేమో!

జవాబు – మైక్రో మేడమ్:
ఆ వాదన ఉంది వేణుగారూ, నేనూ తీసిపారేయను. జీవానికి తప్పనిసరైన ఫాస్ఫరస్ కొరతతో అక్కడి సూక్ష్మజీవులు పెరగలేకపోతున్నాయి అనుకుందామంటే, అక్కణ్నుంచి వచ్చిన మంచు రేణువుల్లో ఫాస్ఫేట్లు, అంటే ఫాస్ఫరస్ ఉన్న లవణాలు, ఉన్నాయని 2023లో తేలింది. అయితే రాళ్లు హైడ్రోజన్ పుట్టించే వేగానికి తినేవి సరిపోకపోవచ్చు కూడా. లోతు రాళ్లలో బతికే జీవులు ఒకటి రెండుగా మారడానికే ఏళ్లూ పూళ్లూ పడుతుంది. నా మటుకు హైడ్రోజన్ కనబడితే తిండి ఉందని మాత్రమే అర్థం.

ప్రశ్న – చుక్కల పిచ్చోడు:
కాసినినే మళ్లీ పంపి చూడొచ్చుగా?

జవాబు – మైక్రో మేడమ్:
అది లేదండీ. ఇంధనం అయిపోవస్తుంటే 2017 సెప్టెంబరు 15న శని వాతావరణంలోకే తోసి కాల్చేశారు. ఎన్సెలాడస్ మీద పడితే మన సూక్ష్మజీవులు అక్కడ చేరతాయేమోనని భయం.