సీపీ చైర్ ఎవరికి ఇస్తారు? క్యాంపులో అసలు ఏం చూసి రాస్తారు?

రేణిగుంట అమ్మ:
మా బాబుకి ఆరేళ్ళు, సెరిబ్రల్ పాల్సీ (సీపీ, అంటే మెదడు దెబ్బతిని ఒంటి కదలిక, పట్టు సరిగ్గా ఉండవు). మెడ కాసేపు నిలుపుతాడు, మళ్ళీ వాల్చేస్తాడు. నడుము అయితే అస్సలు నిలవదు. ఇంట్లో ప్లాస్టిక్ కుర్చీలో రెండు దిండ్లు పెట్టి, ఛాతీ మీదుగా చున్నీ కట్టి కూర్చోబెడుతున్నా. కాసేపటికే ముందుకు జారిపోతాడు, అలా జారినప్పుడు జావ తాగిస్తే పొరపోయి ఒకటే దగ్గు. సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం 75 శాతం అని ఉంది. పోయిన సంవత్సరం వికలాంగులకి పరికరాలు ఇచ్చే క్యాంపుకి తీసుకెళ్తే, నా ఒళ్ళో ఉండగానే ఒకసారి చూసి వీల్‌చైర్ రాసేశారు. వచ్చింది, కానీ వాడికి మరీ పెద్దది, అందులో ఒక పక్కకి ఒరిగిపోతాడు. ఇప్పుడు మళ్ళీ క్యాంపు ఉందని భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల బడి) టీచర్ చెప్పారు. ఇంట్లో కూర్చోవడానికి సీపీ చైర్ (బెల్టులు, ఆసరాలతో ఇలాంటి పిల్లల కోసం చేసే కుర్చీ) అడిగితే "మీకు ఇచ్చేశాం కదమ్మా" అని పంపించేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది. 75 శాతం చాలదా? మావారి జీతం నెలకి 18 వేలు. దీనికి తోడు మా అత్తమ్మ "కుర్చీలో కట్టేస్తే కాళ్ళు బిగుసుకుపోతాయి, ఒళ్ళోనే పెట్టుకో" అంటారు. తెలిసినవాళ్ళు చెప్పండి.

పాకాల నాన్న:
అక్కా, మా పాపకి ఇదే పథకంలో వచ్చింది కాబట్టి చెప్తున్నా. ఇది వికలాంగులకి పరికరాలు ఇచ్చే కేంద్రం వాళ్ళ ఏడీఐపీ పథకం, సామాన్లు ఇచ్చేది కాన్పూర్‌లోని ప్రభుత్వ సంస్థ అలింకో. వైకల్యం కనీసం 40 శాతం ఉండాలి, మీకు అంతకంటే ఎక్కువే ఉంది. ఆదాయం నెలకి 22,500 లోపు ఉంటే పూర్తిగా ఉచితం, ఆ పైన 30,000 దాకా సగం మనం కట్టుకోవాలి. పిల్లలకైతే తల్లిదండ్రుల ఆదాయమే లెక్క. మీరు అసలు భయపడుతున్నది ముందు వీల్‌చైర్ తీసుకున్న సంగతి గురించి కదా, ఒకే అవసరానికి మూడేళ్ళ లోపు రెండోసారి ఇవ్వరన్న మాట నిజమే, కానీ 12 ఏళ్ళ లోపు పిల్లలకి ఆ గడువు ఒక్క ఏడాదే. మీకు వీల్‌చైర్ వచ్చి ఏడాది దాటిందో లేదో చూసుకోండి. పైగా వీల్‌చైర్ బయటికి తీసుకెళ్ళడానికి, సీపీ చైర్ కూర్చోబెట్టి తినిపించడానికి, రెండూ ఒకటి కాదని అక్కడే గట్టిగా చెప్పండి. ఆధార్, సదరం లేదా యూడీఐడీ (కేంద్రం ఇచ్చే వైకల్య గుర్తింపు) కార్డు, తహసీల్దారు ఇచ్చే ఆదాయ పత్రం, ఫొటోలు పట్టుకెళ్ళండి. 75 శాతం ఉంది కాబట్టి కాదనడానికి వీల్లేదు.

తిరుపతి ఫిజియో:
పైన అన్న చెప్పిన రూల్స్ సరిగ్గానే ఉన్నాయి, చివరి మాట ఒక్కటే నేను ఒప్పుకోను. శాతం గేటు దాకా తీసుకెళ్తుంది, అంతే. 45 శాతం ఉన్న బిడ్డకి సీపీ చైర్ అవసరం కావచ్చు, 80 శాతం ఉన్న బిడ్డకి వాకరే సరిపోవచ్చు. బిడ్డ ఎలా కూర్చుంటున్నాడు, కూర్చోలేక ఏం పోగొట్టుకుంటున్నాడు అన్నది చూసి రాయాలి. మీ బాబుని ఒళ్ళో చూశారంటున్నారు, ఒళ్ళో అమ్మ చేతులే వాడి నడుముని పట్టుకుని ఉంటాయి, ఇక ఏం కనిపిస్తుంది చెప్పండి! అందుకే చాప మీద, బల్ల మీద కూర్చోబెట్టి చూడమని మీరే అడగాలి. జావ తాగేటప్పుడు జారిపోవడం, దగ్గు రావడం ఫోన్‌లో చిన్న వీడియో తీసి చూపించండి, సర్టిఫికెట్ కంటే అదే ఎక్కువ పని చేస్తుంది.

ముందు ఇంకో ముఖ్యమైన మాట. ఛాతీకి ఒక్కటే చున్నీ కట్టడం ఈ రోజే ఆపేయండి. తుంటి కదలకుండా పట్టేది లేకపోతే బిడ్డ కిందికి జారతాడు, చున్నీ మాత్రం పైకి వచ్చి గొంతుకి పడుతుంది. బెల్టు మొదట తుంటికి, అంటే పొట్ట మీద కాకుండా తొడలు మొదలయ్యే చోట, ఏటవాలుగా కిందికి లాగినట్టు ఉండాలి. ఛాతీ బెల్టు ఆ తర్వాతే, అదీ జారిపోయే ముడి కాకుండా.

జారడానికి ఎక్కువగా రెండు కారణాలు. కుర్చీ లోతు ఎక్కువై వీపు ఆనుకోకపోవడం, పాదాల కింద ఆసరా లేకపోవడం. వీపు వెనక నుంచి మోకాలి మడత దాకా టేపుతో కొలిచి, రెండు వేళ్ళంత తగ్గిస్తే అది సీటు లోతు. తుంటి వెడల్పు, మోకాలి నుంచి మడమ దాకా పొడవు కూడా రాసుకుని వెళ్ళండి. ఏ వయసుకి ఏ సైజ్ అని ఊహించి రాసే అవకాశం ఇవ్వకండి. మీరు చెప్పినదాన్ని బట్టి బాబు జీఎంఎఫ్‌సీఎస్‌లో (సీపీ పిల్లల కదలికని ఒకటి నుంచి ఐదు దాకా లెవెల్స్‌గా చూసే పద్ధతి, ఐదు అంటే ఎక్కువ కష్టం) నాలుగో లెవెల్‌లోనో ఐదో లెవెల్‌లోనో ఉండొచ్చు, మీ ఫిజియోతో లెవెల్ వేయించి కాగితం మీద రాయించుకోండి. నడవని పిల్లలకి తుంటి కీలు పక్కకి జరిగే ప్రమాదం ఉంది కాబట్టి తిరుపతిలోని బర్డ్ ఎముకల ఆసుపత్రిలో ఒకసారి ఎక్స్‌రే చూపించుకోవడం మంచిది.

అత్తమ్మ మాటలో సగం నిజం ఉంది. గంటల తరబడి కుర్చీలోనే ఉంచితే బిగుసుకుపోతాయి, ఒళ్ళో ఉంచినా అంతే. అరగంటకో ముప్పావు గంటకో మార్చండి, కాసేపు బోర్లా, కాసేపు స్టాండింగ్ ఫ్రేమ్‌లో (పట్టుకుని నిలబెట్టే చట్రం). ఆమెను కూడా ఒకసారి ఫిజియో దగ్గరికి తీసుకెళ్ళండి, ఆవిడ చేతులతో ఆవిడే బాబుని కూర్చోబెట్టి చూస్తే ఒప్పుకుంటారు.

చిత్తూరు అవ్వ మనవరాలు:
క్యాంపు ఒక్కదాన్నే నమ్ముకుని నెలలు నెలలు ఆగకండి అక్కా. మా వైపు వాళ్ళు చాలామంది వేలూరు సీఎంసీ ఆసుపత్రిలో పీఎంఆర్ (పునరావాస వైద్యం) విభాగానికి వెళ్తారు, అక్కడ కొలతలు వేయించుకుని మన ఊరి వడ్రంగితో చెక్క కుర్చీ చేయించుకున్న ఇళ్ళు నాకు తెలుసు. క్యాంపు కుర్చీ వచ్చేదాకా ఇదైనా ఉంటుంది. కేంద్రం కింద ఉండే నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ ఆరోగ్య బీమా సీపీ పిల్లలకి లక్ష రూపాయల దాకా ఇస్తుంది, అందులో థెరపీ ఖర్చులు కూడా కొంత కవర్ అవుతాయి, దానికీ అప్లై చేసి పెట్టండి.

రేణిగుంట అమ్మ:
చున్నీ సంగతి చదవగానే గుండె ఝల్లుమంది, వెంటనే తీసేశాను. వీడియో తీసిపెట్టుకున్నా, కొలతలు రేపు ఫిజియో మేడమ్‌తో తీయిస్తాను. ఒక్క డౌట్, మళ్ళీ పెద్ద సైజే వస్తే ఏం చేయాలి?

పాకాల నాన్న:
అంచనా వేసే రోజు వేరు, ఇచ్చే రోజు వేరు, మధ్యలో చాలా గ్యాప్ ఉంటుంది. మొదటి రోజు ఇచ్చే చీటీలో సీపీ చైర్ అని రాశారో, మళ్ళీ వీల్‌చైర్ అని రాశారో అక్కడే చదివి, ఫొటో తీసుకోండి. మేమైతే పంపిణీ రోజు పాపని ఇంట్లో వదిలి వెళ్ళలేదు, కూర్చోబెట్టి బెల్టులు పెట్టి చూశాకే సంతకం పెట్టాం.

తిరుపతి ఫిజియో:
అవును. ఈలోపు బిడ్డ పెరుగుతాడు కాబట్టి లోతు, ఫుట్‌రెస్ట్ ఎత్తు మార్చుకునే వీలుందా అని కూడా అదే రోజు అడిగేయండి.