‘డ్యూటీ సైకిల్’కు ‘వంతు’ సరిపోతుందా?

ఫ్లైబ్యాక్ పవర్ సప్లై (స్విచ్‌ను వేగంగా వేస్తూ ఆపుతూ, ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా వోల్టేజీని మార్చే పరికరం) లెక్కను విద్యార్థుల కోసం తెలుగులో రాస్తున్నాను. ‘టర్న్స్ రేషియో’కు చిక్కు లేదు, ‘చుట్ల నిష్పత్తి’. ఒక అనువాదంలో ‘మలుపుల నిష్పత్తి’ అని చూసి బాధ కలిగింది. ‘డ్యూటీ సైకిల్’ (ఒక్కో ఆవృత్తిలో స్విచ్ ఆన్‌లో ఉండే భాగం) దగ్గర మాత్రం ఆగిపోయాను. ‘విధి చక్రం’ అంటే తలరాత గుర్తొస్తుంది. మంచి మాట చెప్పండి.

స్పందన: ‘వంతు’ అనండి. ‘నాలుగో వంతు’ అంటే భాగం, ‘ఇప్పుడు నీ వంతు’ అంటే వరస. ఫ్లైబ్యాక్‌లో రెండర్థాలూ కావాలి. స్విచ్ ఆన్‌లో ఉన్నంతసేపు ప్రైమరీలో (ఇన్‌పుట్ వైపు తీగచుట్టలో) కరెంటు పెరుగుతుంది, శక్తి ముఖ్యంగా కోర్‌లోని (తీగలు చుట్టిన అయస్కాంత దిమ్మలోని) గాలి సందులో నిలవవుతుంది. స్విచ్ ఆగగానే డయోడ్ (కరెంటును ఒకే దిశలో పోనిచ్చే భాగం) వంతు. ఆ శక్తి సెకండరీ (అవుట్‌పుట్ వైపు తీగచుట్ట) గుండా బయటికి వెళ్తుంది.

లెక్కలో పెట్టి చూడండి. కనిష్ఠ ఇన్‌పుట్ 100 వోల్టులు, ఒక్కో ఆవృత్తి 10 మైక్రోసెకన్లు. స్విచ్ వంతు 0.45 అయితే 4.5 మైక్రోసెకన్లు దానివి, మిగిలిన 5.5 డయోడ్‌వి. స్విచ్ వంతులో ఎక్కిన వోల్ట్-సెకన్లన్నీ (వోల్టేజీని సమయంతో గుణిస్తే వచ్చేవి) డయోడ్ వంతులో దిగాలి, లేకపోతే కోర్ సంతృప్తమైపోతుంది, అంటే అందులో అయస్కాంతత్వం ఇక పెరగలేని స్థితికి వస్తుంది. 100ను 4.5తో గుణించి 5.5తో భాగిస్తే 81.8 వోల్టులు. సెకండరీ నుంచి ప్రైమరీ మీదికి ప్రతిఫలించే వోల్టేజీ అది. అవుట్‌పుట్ 12, డయోడ్‌లో పోయేది 0.7, మొత్తం 12.7. దానితో 81.8ని భాగిస్తే చుట్ల నిష్పత్తి 6.44. సెకండరీకి 9 చుట్లు చుడితే ప్రైమరీకి 58.

మరో స్పందన: మాట బాగుందండీ, ఒక్క అభ్యంతరం. లోడు తగ్గితే శక్తి ముందే ఖాళీ అయి, ఎవరి వంతూ కాని సమయం మిగులుతుంది. అప్పుడు ఒకటిలోంచి స్విచ్ వంతు తీసేస్తే డయోడ్ వంతు రాదు. ఆ మూడోదానికీ పేరు పెట్టాలి.

మొదట అడిగినవారు: నిజమే, దాన్ని ‘విరామం’ అంటాను. ‘వంతు’ నాకు ఎంతో నచ్చింది. అయితే డేటాషీట్ తెరిచే విద్యార్థికి కనిపించేది ‘డ్యూటీ’యే కదా!

స్పందన: అయితే ‘డ్యూటీ వంతు’ అనండి. డ్యూటీ ఎక్కడం, డ్యూటీ దిగడం మనం రోజూ అనేవే. స్విచ్ చేసేదీ అదే. ‘ఫ్లైబ్యాక్’ను మాత్రం కదపకండి. పాత టీవీల్లో ఎలక్ట్రాన్ పుంజం ఒక గీత ముగించి మళ్లీ మొదటికి దూకేది. ఆ వెనుదూకుడు నుంచి వచ్చిన పేరది.