హెర్బ్ రాబర్ట్ మొక్క మందుకు పనికివస్తుందా?

ప్రశ్న: సియాటిల్‌లో మా పెరటి కంచె నీడన ఎర్రటి కాడలతో, ఐదు రేకుల గులాబీ పూలతో హెర్బ్ రాబర్ట్ దట్టంగా అల్లుకుంది. ఆకు నలిపితే ఘాటైన వాసన వస్తోంది. దీనిని మందుగా వాడతారన్నది నిజమేనా?

జవాబు: నిజమేనండి. ఐరోపా పల్లెల్లో ముక్కు నుంచి కారే రక్తాన్ని ఆపడానికి, విరేచనాలకు, పంటినొప్పికి దీనిని వాడేవారు. మన కరక్కాయలో వలెనే ఇందులోనూ వగరునిచ్చే టానిన్లు ఉన్నాయి. అయినా వైద్యుణ్ణి అడగకుండా కషాయం తాగవద్దని నా మనవి.

జవాబు: దోమలు వాలకుండా పచ్చి ఆకును చర్మానికి రుద్దుకునే అలవాటూ ఉంది. నేను ముందు మోచేతిపై కొద్దిగా రాసి, దురద రాలేదని చూసుకున్నాకే వాడాను.

జవాబు: వాషింగ్టన్ రాష్ట్రం దీనిని హానికరమైన కలుపు మొక్కల జాబితాలో చేర్చింది. కాయ పగిలి గింజలు దూరంగా చిమ్ముతాయి కనుక, పూత దశలోనే వేళ్లతో సహా పెరికివేయండి. వేళ్లు పైపైనే ఉంటాయి, చేత్తోనే వచ్చేస్తాయి.